పోశెట్టి ఒక్కడే చేసిన స్కిట్

నాచారం,
ఆదివారం

అక్కకు,

నీ చెల్లె రజిత దండాలు పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. అమ్మ మోకాళ్ళు ఎట్లున్నాయి? బావకు దగ్గు తగ్గిందా? బుజ్జి బడికి ఏడవకుండా పోతున్నదా? మీరంతా చల్లగా ఉంటే నాకు అదే పదివేలు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావేమో. ఫోన్ చేస్తే "తిన్నవా? ఇగో అమ్మకిస్తున్న" అని రెండు ముక్కల్లో వదిలించుకుంటున్నావు. ఉత్తరాన్ని అట్లా అమ్మ చేతిలో పెట్టలేవు. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు. అందుకని నువ్వే చదవాలి.

ఇక్కడ పని కష్టమేమీ కాదు. మందుగోళీల పట్టీలను డబ్బాల్లో పెట్టి మూత వేయడం, అంతే. తలకు టోపీ, మూతికి మాస్కు, కాళ్ళకు కూడా ముసుగులే. అందరం ఒక్కలాగే ఉంటాం, ఎవరు ఎవరో కళ్ళను చూసి పోల్చుకోవాలి. లైను మీద మాట్లాడకూడదు. వారం రోజులుగా ముసురు పట్టింది. కంపెనీ ముందర రోడ్డు మీద మోకాళ్ళ దాకా నీళ్ళు, వాన పడ్డప్పుడల్లా ఘాటు వాసన. హాస్టల్ పప్పులో పప్పును వెతుక్కోవాలి. వీలైతే ఎవరి చేతనైనా ఇంత చింతకాయ తొక్కు పంపు. ఏం ఫికర్ చేయకు, బాగానే ఉన్నాను.

గదిలో నాతోపాటు ఇంకో ముగ్గురు. మంచివాళ్ళే, కానీ ఒకరి డ్యూటీ ఒకరికి కలవదు. ఉన్నంతసేపూ చెవుల్లో పెట్టుకుని ఫోనే. నేను వచ్చానో పోయానో వాళ్ళకు తెలియదు. వచ్చిన కొత్తలో కంపెనీలోనూ అంతే, క్యాంటీన్‌లో గోడవైపు తిరిగి తిని లేచేదాన్ని. అబద్ధం ఎందుకు, చాలా ఒంటరిగా ఉండేది అక్కా. మనూళ్ళో ఇద్దరం కుట్టు మెషిన్ల మీద కూర్చుని పొద్దుగూకులు వాగేవాళ్ళం కదా, ఇక్కడ నా గొంతు నేను విని ఎన్ని రోజులైందో అనిపించేది.

ఒకనాడు మా లైను చూసే సరోజక్క ఈ టోపీల మందలో నన్ను పోల్చుకోలేక, ముందుకు చూస్తూ "ఏడ సచ్చినవే రజితా?" అని అరిచింది. నేను సరిగ్గా ఆమె వెనకే ఉన్నాను. నా నోరు నా మాట వినలేదు. "నీ ఎనకాలే ఉన్న కదన్నా" అనేశాను. ఆడమనిషిని పట్టుకుని అన్నా అన్నాను చూడు! లైనంతా ఒక్కసారి నవ్వింది. మనలాగే వాళ్ళందరూ పోశెట్టి, లింబాద్రి స్కిట్ల సీడీలు అరగదీసినవాళ్ళేనని అప్పుడు తెలిసింది. ప్రతి స్కిట్‌లో పోశెట్టి ముందుకు చూసి "ఏడ సచ్చినవ్‌రా లింబాద్రీ" అనడం, వాడు వీపు వెనక నుంచే ఆ జవాబు చెప్పడం, పోశెట్టి ఒక్కసారైనా వెనక్కి తిరగకపోవడం, ఇదంతా మనకే సొంతం అనుకున్నాను. జనగామ సరోజక్కకూ కంఠతా వచ్చు. పెళ్ళై ఇక్కడికి వచ్చిన కాకినాడ కుమారి కూడా ఫోన్లో చూసి చూసి నేర్చుకున్నది.

ఆ మధ్యాహ్నం నన్ను తమ బల్ల దగ్గరికి పిలిచారు. అక్కడొక రివాజు ఉన్నది. వాళ్ళ మంచి స్కిట్ల ఊసు ఎత్తకూడదు, బాగాలేనివే మాట్లాడాలి. ఎందుకని అడిగాను.

"మంచియి అందరికి తెలుసు. ఒకలు బాగుందంటరు, అందరు అవునంటరు, డబ్బా మూసి లేస్తరు" అన్నది సరోజక్క. "బాగలేనిదైతే కొట్లాట. కొట్లాటుంటే గంట కూసోవచ్చు."

అప్పటినుంచి రోజూ కొట్లాటే. దవాఖానా స్కిట్ చెత్తదని కుమారి అంటుంది, అందులో లింబాద్రి మంచం మీద పడుకుని లేవడమే జోకు. దయ్యం స్కిట్ అంతకంటే చెత్తదని నేనంటాను, ఆ గుమ్మడికాయ తలకాయను చూస్తే చిన్నప్పుడు బుజ్జి కూడా భయపడలేదు కదా. పప్పు నీళ్ళైనా సరే, ఆ బల్ల దగ్గర అన్నం లోపలికి పోతుంది. కానీ అందరూ ఒప్పుకునేది మాత్రం ఒకటున్నది. సెల్‌ఫోన్ స్కిట్. లింబాద్రికి జ్వరమొచ్చిందని పోశెట్టి ఒక్కడే స్టేజీ ఎక్కి, ఫోన్ చెవికి పెట్టుకుని వాడితో మాట్లాడతాడే, అది. మనం ఎప్పుడూ దాటేసేవాళ్ళం. "అదొక్కటీ చేయకుండా ఉండాల్సిందండి" అన్నది కుమారి. నేనూ పడీపడీ నవ్వాను.

పోయిన ఆదివారం గదిలో ఎవరూ లేరు. ఏమీ తోచక అదే పెట్టుకుని మొదటిసారి చివరిదాకా చూశాను. పోశెట్టి ఒక మాట అంటాడు, ఆగుతాడు. ఇంకో మాట అంటాడు, ఆగుతాడు. జనం నవ్వరు. ఎవరో ఈల కూడా వేశారు. నాకు అలవాటుగా నోటికి లింబాద్రి మాటలు వస్తుంటే ఆ ఖాళీల్లో పైకే అనేశాను. అక్కా, సరిగ్గా సరిపోయాయి. ఒక్క మాట ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. జనం ఈల వేస్తున్నా వాడు తొందరపడలేదు. లింబాద్రి మాట్లాడేంత చోటు అట్లాగే విడిచిపెట్టి నిలబడ్డాడు. ఇంకొకణ్ణి తెచ్చి పక్కన నిలబెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు. ఆఖరున "ఏడ సచ్చినవ్‌రా" అని అడిగి, ఎన్నడూ తిరగనివాడు వెనక్కి తిరిగి చూస్తాడు. అక్కడ ఎవరూ లేరు. నేను ఫోన్ పక్కన పెట్టి ఏడ్చాను. సిగ్గేముంది, నీకే కదా చెప్తున్నాను.

సోమవారం బల్ల దగ్గర చెప్పాను. "ఇప్పుడు గూడ చెత్త స్కిట్టే" అన్నది సరోజక్క. నేనూ కాదనను, నవ్వు రానిది కామెడీ ఎట్లవుతుంది? తర్వాత డబ్బా కడుక్కుంటూ నా పక్కకు వచ్చి, "మీ అక్కకు జెప్పినవా గీ ముచ్చట?" అని అడిగింది. మా అక్క నాతో మాట్లాడదని చెప్పాను.

రెడీమేడ్ వచ్చి పని తగ్గింది, ఒక్క షాపు మీద రెండు కడుపులు నిండవని నేనే బయలుదేరాను. నువ్వు పొమ్మన్నావు గానీ మనసుతో అనలేదు. నా మెషిను మీద పాత బట్టల మూటలు పెడుతున్నావని అమ్మ చెప్పింది. అత్త మీది కోపం దుత్త మీద చూపించకు, దానికి నూనె పెట్టు, పట్టేస్తుంది. పెద్దనాన్న వాళ్ళ సుమ పెండ్లికి ఈసారి స్కిట్ లేదని నువ్వు చెప్పినట్టు కూడా చెప్పింది. మన ఇండ్లల్లో పెండ్లికి ముందు మైలపోలు నాడు నువ్వు పోశెట్టి, నేను లింబాద్రి వేషం కట్టకుండా ఏ పెండ్లి అయింది? పిన్ని కూతురు నా బదులు తాను చేస్తానంటే వద్దన్నావట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు ప్రాణం లేచొచ్చింది. కోపమే ఉంటే ఆమెను నిలబెట్టుకునేదానివి.

సరోజక్క తన వారపు సెలవును నాకు మార్చి ఇప్పించింది. మైలపోలు నాడు పొద్దున్నే ఉప్పల్‌లో వరంగల్ బస్సు ఎక్కుతాను. మళ్ళీ పనికి రావాలి, అది మాత్రం మారదు. అమ్మకు, పెద్దనాన్నకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. బావను అడిగానని చెప్పు. బుజ్జికి ముద్దులు. నువ్వు పెద్దదానివి, నన్ను తిట్టి అయినా సరే దీవించు.

ఆ సాయంత్రం పందిట్లో నువ్వు ముందుకొచ్చి నిలబడు. నాతో వేరే మాట మాట్లాడాల్సిన పని లేదు, ఏడ సచ్చినవ్ అని అడిగితే చాలు. అడగకపోతే బంతిలో కూర్చుని తిని, మాట్లాడకుండా ఉప్పల్ బస్సు ఎక్కుతాను. అడిగితే మాత్రం వెనక్కి తిరిగి చూడకు అక్కా. అక్కడ నేనుంటాను.

నీ చెల్లె,
రజిత