ఖాళీ ఇంటి ముందు ముగ్గు

ఆగస్టు 16, 1990

ఇరాక్ సైన్యం వచ్చి రెండు వారాలు. మా సల్వా పేటలో సగం ఇళ్ళు ఖాళీ. మాదీ ఖాళీయే — వీధికి అలాగే కనబడాలి. ఇంగ్లీషువాళ్ళను ఏరి పట్టుకుపోతున్నారు. మామాని — నేను పనిచేసే ఇంటి ఇంగ్లీషు దొరసానిని — మేడ మీద సామాన్ల గదిలో దాచాను. ప్రేమ నవలలు రాసుకునే పెద్దావిడ, ఎవరికేం అడ్డమని! టైపు మిషను మాత్రం ఆపదు. ఆ టకటక వీధిలోకి వినబడుతుందేమోనని మేడ కిటికీలన్నీ బిగించాను.

ఆగస్టు 17

చెత్తబుట్టలో కార్బన్ కాగితాలు. కూడబలుక్కుని చదివాను. నవల కాదు... ఏ వీధిలో ఎంతమంది సైనికులు, ఎవరిని ఎత్తుకుపోయారు. పొయ్యిలో పెట్టేశాను.

మామాని అడిగితే — "నవలలు తిండికి రాశాను, సత్యా. ఇవి నా కోసం."

ఎన్నేళ్ళ నుంచి? నవ్వి మిషనులో కొత్త కాగితం ఎక్కించింది.

ఆగస్టు 19

సబ్హాన్ రిపేరు షెడ్డు నుంచి యూసుఫ్ వచ్చాడు, మిషను బాగుచేసే మనిషి. పదేళ్ళుగా మా మిషను ప్రతి గురువారం పాడవుతుంది, ఈసారి అతను రావడం ఆదివారమైంది. నేనేమో టీ ఇచ్చి తలుపు దగ్గరికి వేసి వచ్చేదాన్ని, నా తెలివి తెల్లారినట్టే ఉంది! కాగితాలు పనిముట్ల పెట్టెలో రొట్టెల కింద సర్దుకున్నాడు. వెళ్తూ మామా నుదుటి మీద ముద్దు పెట్టాడు.

ఎవరని అడిగితే, మొగుడట! పదేళ్ళు వండిపెట్టిన నాకు ఒక్క మాట చెప్పలేదు. కోపం. ఏడుపు. రాత్రి కూర గిన్నె ఆమె ముందు విసురుగా పెట్టి దిగి వచ్చేశాను.

ఆగస్టు 21

ఎంత పని చేశాను!

లేవడం, వంటింటి గుమ్మం ముందు నీళ్ళు చల్లడం, బియ్యప్పిండితో ముగ్గు పెట్టడం. చేతులకి అలవాటు. ఇన్ని రోజులూ పెడుతూనే ఉన్నాను, ఖాళీ ఇంటి ముందు! ఇవాళ సందులోంచి చూశాడు, మీసాల సైనికుడు. తలుపు కొట్టి ముగ్గు చూపించాడు. ఎవరు?

నేనే, పనిమనిషిని. ఒక్కదాన్నే.

టీ అడిగాడు. ఇచ్చాను. మేడ మీద మిషను ఆగింది, దేవుడు దయ తలిచాడు. "నువ్వుంటే సరే. నువ్వు పోయిన రోజు ఇల్లు మాది. పొద్దున్నే ఇటే వస్తా." ముగ్గు తొక్కకుండా దాటి వెళ్ళాడు.

ఆగస్టు 22

పక్కింటి డ్రైవరు సుబ్బన్న, కడపాయన, గోడ మీంచి —

"అక్కా, జోర్డానుకు బస్సు కుదిరినాది. ఎల్లుండి పొద్దున ఆరుకు. నీ పేరు గూడా రాపిచ్చినా."

"ఇంకో బస్సు ఉండదా తమ్ముడూ?"

"ఎవురికి తెల్సు! ఈడుండి సచ్చేదానికా? యల్లా, పదపద, మూట గట్టు."

అమలాపురంలో మా పెద్దదానికి నెలలు నిండాయి. నేను పక్కన ఉంటానని మాటిచ్చాను.

ఆగస్టు 23

గురువారం. యూసుఫ్ రాలేదు. మామా కిటికీ తెర పక్కనే నిలబడి ఉంది, మధ్యాహ్నం దాకా.

బస్సు సంగతి చెప్పాను. వెళ్ళు, అంది వెంటనే.

"మరి ముగ్గో?"

"నేర్పు. తెల్లారకముందే పెట్టి లోపలికి వచ్చేస్తాను."

వంటింట్లో నేల మీద కూర్చుంది. అయిదు వరసల చుక్కలు బాగానే పెట్టింది. గీత మాత్రం వంకర పోయింది. చెరిపి మళ్ళీ. చెరిపి మళ్ళీ. ఆ సైనికుడు టీ అడిగితే ఎవరిస్తారు?

మూట కట్టాను. విప్పాను. మళ్ళీ కట్టాను...

రేపు ఆరింటికి బస్సు. సైనికుడు వచ్చే వేళా అదే.