రెండు డోసులు మిగిలాయి

14 సెప్టెంబర్ 2011, బుధవారం

సకల జనుల సమ్మె మొదలై రెండో రోజు. తెలంగాణ ఇచ్చేదాకా ఆఫీసులు తెరవరట. బడి మూసేశారు. నాకు మాత్రం డ్యూటీ ఉంది. నర్సుల పని ఆగకూడదన్నారు.

తొమ్మిది నెలలు నిండిన ఆరుగురికి తట్టు టీకా వేయాలి. ఐదుగురు వచ్చారు. ఆరో బిడ్డ కోసం సబ్‌సెంటర్‌కు తాళం వేసి తండాకు నడిచాను. రెండు కిలోమీటర్లు. దస్రు, తారిల కూతురు. పేరు రజిత.

దస్రు గడపలోనే నిలబడ్డాడు. కసరలేదు. మంచినీళ్లు ఇప్పించాడు. నేను తాగేదాకా ఆగి వద్దన్నాడు. సూది వద్దు, చుక్కలు వద్దు, మా పిల్లను మాకు ఉండనియ్యి అన్నాడు. రజిత పుట్టినప్పటి నుంచి ఇదే మాట.

నేను వాదించలేను. మూడేళ్ల కింద వాళ్ల కొడుకు బలరాంకు సూది వేసింది నేనే. మూడున్నర నెలల పిల్లవాడు. మరునాడు ఫిట్స్ వచ్చాయి. దవాఖానకు తీసుకుపోతుండగానే పోయాడు. పై నుంచి ఆఫీసర్లు వచ్చి విచారణ చేశారు. మెదడు జ్వరం అని తేల్చారు. టీకాతో సంబంధం లేదన్నారు. రిపోర్టు నేనూ చదివాను. నమ్మాను. పిల్లవాడి తొడ మాత్రం నా వేళ్లకు ఇంకా గుర్తుంది.

15 సెప్టెంబర్

మా పీహెచ్‌సీ డాక్టర్ గారికి ఫోన్ చేశాను. తండ్రి నిరాకరించాడని రిజిస్టర్‌లో రాసి వేలిముద్ర తీసుకోండి, అక్కడితో మన బాధ్యత తీరిపోతుంది అన్నారు. బలవంతం చేసే చట్టం లేదట. అన్నీ రాసి పెట్టుకోండి రేణుక గారూ అని రెండుసార్లు చెప్పారు.

ఆశా వర్కర్ సంగీతది ఆ తండానే. ఆమె ఇంకో మాట అంటుంది. రేషన్ ఆపితే రెండో రోజే పిల్లను తెచ్చి నీ ముందు కూర్చోబెడతాడట.

రెండూ నాకు నచ్చలేదు. ఆకలి చూపించి వేసే సూది నేను వేయలేను. వేలిముద్ర తీసుకొని చేతులు దులుపుకోనూ లేను. బిడ్డ తల్లిదండ్రులదే, కాదనను. కానీ తట్టు వస్తే మంచం పట్టేది వాళ్లు కాదు. ఆ పిల్లను ఎవరడిగారు? తొమ్మిది నెలల పిల్లను ఎవరైనా ఏమని అడుగుతారు?

18 సెప్టెంబర్, ఆదివారం

బచ్చన్నపేట నుంచి తమ్ముడు ఐలేశ్ ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు. మిగతా రోజంతా నా గొంతు నేను వినలేదు.

21 సెప్టెంబర్, బుధవారం, మధ్యాహ్నం 2

తారి వచ్చి వెళ్లింది.

అప్పటికి అందరూ వెళ్లిపోయారు. ఒక్కతే వచ్చింది, చంకలో పిల్లతో. దస్రు గూడూరులో రోడ్డు మీద వంటావార్పుకు పోయాడట. కూర్చోమన్నా కూర్చోలేదు. కొంగు తొలగించి పిల్ల తొడ చూపించింది.

"ఎయ్యి సిస్టరమ్మా. ఆయనకు చెప్పకు. జెరమొస్తే పండ్లొస్తున్నయని చెప్త" అంది.

తట్టు టీకా సీసాకు ఐదు డోసులు. ఈ రోజు ముగ్గురికి వేశాను. రెండు డోసులు మిగిలాయి. టీకా క్యారియర్‌లో ఐస్ ప్యాకుల నడుమ ఉన్నాయి. మందు కలిపాక నాలుగు గంటలు పనికొస్తుంది. ఇంకా గంటన్నర టైం ఉంది.

"మందు అయిపోయింది తారీ. వచ్చే బుధవారం రా" అన్నాను.

ఆమె క్యారియర్ వైపు చూసింది. పిల్లకు కొంగు కప్పింది. వెళ్లిపోయింది.

అదే రోజు, సాయంత్రం 6

టైం అయిపోయాక మిగిలిన మందు పారేశాను.

ఎందుకు అబద్ధం చెప్పాను? తండ్రి వద్దన్నాడని కాదు. తల్లి ఒప్పుకుంది కదా, తల్లి మాట చాలదా. దాచి వేయడం తప్పని కూడా కాదు. అట్లా అనుకుంటే అదే ఆమెకు చెప్పేదాన్ని. జ్వరం వస్తే? జ్వరం కాకుండా ఇంకేమన్నా వస్తే? మళ్లీ ఆ ఇంటి ముందు జనం, మళ్లీ నా పేరు. పదిహేనేళ్ల సర్వీసులో ఉన్న మందును లేదని చెప్పడం ఇదే మొదలు.

28 సెప్టెంబర్, బుధవారం

నాలుగు దాకా చూశాను. తారి రాలేదు. వాళ్లంతా పెద్దవంగర పక్కన తారి తల్లిగారింటికి పోయారని సంగీత చెప్పింది. పత్తి ఏరే పని దొరికిందట.

నాకు ఊపిరి తేలికైంది. ఇది కూడా రాసుకోవాలి.

4 అక్టోబర్

సద్దుల బతుకమ్మ. ఈసారి రోడ్డు మీదనే ఆడారు, మధ్య మధ్య జై తెలంగాణ అనుకుంటూ. నన్నూ పిలిచారు. ఒక చుట్టు తిరిగి వచ్చేశాను. చుట్టూ ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. ఏ పిల్లకు ఏ సూది ఎప్పుడు వేశానో అన్నీ తెలుసు నాకు. ఎవరింట్లో ఈ పూట ఏం వండారో తెలియదు. భోజనానికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ ఎవరినీ పిలిచింది లేదు.

12 అక్టోబర్, బుధవారం

దస్రు వాళ్లు మూడు రోజుల కింద తిరిగొచ్చారు. రజితకు జ్వరం. ఈ రోజు ముఖమంతా ఎర్రగా పోసింది. తట్టు. పెద్దవంగరలో మేనమామ పిల్లలిద్దరికీ అంతకుముందే వచ్చిందట. ఒక్క గుడిసెలో అందరూ పడుకున్నారు.

సంగీత చెప్పగానే వెళ్లాను. పిల్ల కళ్లు ఎర్రబడి అతుక్కుపోయి ఉన్నాయి. విటమిన్ ఏ మందు తాగించాను. సూది కాదు కదా అని దస్రు ఒప్పుకున్నాడు. ఊపిరి తొందరగా తీస్తే ఒక్క గంట కూడా ఆగొద్దని చెప్పాను. తారి వేపాకు పట్టుకొని మూలన కూర్చుంది. నా వైపు చూడలేదు.

14 అక్టోబర్, సాయంత్రం 5, మానుకోట దవాఖాన వరండా

పొద్దున్నే ఎగశ్వాస. దస్రు ఎవరి మోటార్ సైకిలో అడుక్కొచ్చాడు. వెనుక తారి, ఆమె వెనుక నేను, మా ఇద్దరి మధ్య పిల్ల. దారిలో రెండు చోట్ల సమ్మె వాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. మొదటి చోట ఆపారు. పిల్ల ముఖం చూసి వాళ్లే ఉడుకుతున్న డేగిశాను ఎత్తి పక్కకు పెట్టారు. ఒక పెద్దాయన మా ముందు ఉరుక్కుంటూ పోయి కూతవేటు దూరంలోని రెండో చోట కూడా దారి ఇప్పించాడు.

నిమోనియా అన్నారు. ఆక్సిజన్ పెట్టారు. చేతికి సూది గుచ్చుతుంటే దస్రు గోడ వైపు తిరిగాడు. కానీ వద్దనలేదు.

16 అక్టోబర్

పిల్ల పాలు తాగింది.

వరండాలో దస్రు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేల చూస్తూ అడిగాడు.

"నేనొద్దంటె నువ్వెందుకు ఊకున్నవ్ సిస్టరమ్మా? నాకేమెరుక. ఒక పోరడు పోయినంక బుద్ధి యాడ పనిజేస్తది. ఎరుకున్నదానివి నువ్వు. నలుగురిని తోలుకొచ్చి ఎయ్యకపోయినవా?"

తారి లోపల మంచం మీద కూర్చొని ఉంది. తలుపు తెరిచే ఉంది. ఆమెకు వినబడింది.

అట్లా వేస్తే ఊరుకునేవాడివా అని అడిగాను.

"ఊకోకపోదును. కొట్టేటోన్నే కావచ్చు. అయినా ఎయ్యాలె" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

18 అక్టోబర్

ఊపిరితిత్తులు నయమవుతున్నాయి. ఎడమ కన్ను పోయింది. నల్లగుడ్డు మీద తెల్లగా పొర కట్టింది, ఆ కంటికి చూపు రాదని డాక్టరు చెప్పాడు. దస్రుకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం నల్లా దగ్గర తారి బట్టలు పిండుతోంది. నేను బకెట్ పట్టాను. తల ఎత్తకుండానే అంది.

"ఆ దినం డబ్బల మందున్నది. నువ్వు మూత మళ్ల పెడుతుంటె చూసిన."

నా చేతిలో బకెట్ నిండి పొర్లుతోంది. మరి ఎందుకు అడగలేదని అన్నాను. ఎట్లా అనగలిగానో.

"లేదంటివి. పానం నిమ్మలమైంది నాకు. ఎయ్యమన్న గని, నాకూ బుగులే ఉండె. ఇంటికి పోయేదాక పిల్లను ముద్దు పెట్టుకుంటనే పోయిన." నల్లా కట్టేసింది. "ఆయనకు మాత్రం చెప్పలె. నేను నీ కాడికొచ్చిన ముచ్చట ఆయనకెరుకలేదు."

బట్టలు ఇద్దరం కలిసి ఆరేశాం. ఇన్నేళ్లలో ఒక మనిషితో అంత దగ్గరగా నిలబడింది అప్పుడే అనిపించింది.

20 అక్టోబర్

డిశ్చార్జి. మా పీహెచ్‌సీ డాక్టర్ గారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. ఎక్కడా రాయకండి, ఎవరికీ చెప్పకండి, మిమ్మల్ని ఎవరూ అడగరు అన్నారు. అన్నీ రాయమన్న మనిషి.

ఎవరూ అడగరు. నిజమే. దస్రు మాత్రం అడిగాడు.

24 అక్టోబర్, సోమవారం

సమ్మె విరమించారట. పొద్దున తండాకు పోయి, దస్రుకు చెప్పేశాను. చెప్తానని నిన్ననే తారిని అడిగాను, సరే అంది. తారి వచ్చింది, మందు ఉంది, నేను లేదన్నాను. నీకు భయపడి కాదు, నా చేతికే భయపడి.

అతను అరవలేదు. తారిని వాళ్ల భాషలో ఏదో అడిగాడు. తారి ఒక్క మాట జవాబిచ్చింది. నాకు అర్థం కాలేదు. రజిత నా చీర అంచు పట్టుకొని ఉంది. దస్రు వచ్చి ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పిల్లను ఎత్తుకున్నాడు.

"నువ్వు పో సిస్టరమ్మా" అన్నాడు.

వచ్చేశాను. ఎండ బాగా ఉంది. దారిలో ఎవరూ ఎదురు కాలేదు.

2 నవంబర్, బుధవారం

రజితకు మొదటి డీపీటీ పడింది. ఇక్కడ కాదు. దస్రు సైకిల్ మీద పన్నెండు కిలోమీటర్లు పోయి పక్క సబ్‌సెంటర్‌లో వేయించుకొచ్చాడట. పోయేటప్పుడు మా గుమ్మం ముందు నుంచే పోయాడు.

జ్వరం వస్తుందేమోనని సంగీత చేతికి పారాసిటమాల్ చుక్కలు ఇచ్చి పంపాను.

తీసుకున్నారట.