మాత్రకీ కూటికీ మధ్య ఎడం ఎంతో డాక్టర్లకు నేర్పించమని

శ్రీకాకుళం జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు,
సంతబొమ్మాళి మండలం, భావనపాడు నుంచి మైలపల్లి నీలవేణి రాసుకున్న అర్జీ. ఆగస్టు, 2016.

అయ్యా,

విషయం: వణుకుడు జబ్బుకు, అనగా పార్కిన్సన్స్ అనే జబ్బుకు, మందు ఎలా ఇవ్వాలో మా వైపు డాక్టర్లకు శిక్షణ ఇప్పించుట గురించి.

నేను ఏడో తరగతి వరకు చదివాను. డాక్టరు గారి ఎదట నాకు నోరు పెగలదు. అందువల్ల చెప్పవలసినది రాతమూలకంగా తెలియజేసుకుంటున్నాను.

1. మావారి పేరు గంగులు. పేరు చెప్పడం మాలో మర్యాద కాదు గాని అర్జీలో తప్పదు. వయసు నలభై లోపే. సముద్రం మీద వేట మా బతుకు. మొదట ఆయన కుడిచెయ్యి వణికింది, తరువాత నడక బిగిసింది. ఆస్పత్రికి వెళితే డాక్టరు గారు చెయ్యి పట్టి చూడకుండానే "తాగుడు మానెయ్, అదే తగ్గుతుంది" అన్నారు. మావారు తాగరు. ఆ మాట చెప్పబోతే "అందరూ ఇలాగే చెప్తారు" అని తరువాతి వాళ్లను పిలిచారు. ఈ విధంగా జబ్బు పేరు తెలియడానికే ఏళ్లు పట్టినది.

2. పేరు తెలిశాక మాత్ర రాశారు. అన్నం తిన్నాక వెయ్యాలని, బలమైన తిండి పెట్టాలని చెప్పారు. మాకు బలమంటే చేపే. పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు మా అత్త తవిటమ్మ గారు తట్ట పట్టుకుని వెళ్లి, అమ్మకానికి పోవలసిన కోనాం చేపలో మంచి ముక్క కొడుకు కోసం తెచ్చేది. నేను పులుసు పెట్టి, కడుపునిండా తినిపించి, వెంటనే మాత్ర వేసేదాన్ని. మనిషిలో మార్పు లేదు. మళ్ళీ వెళితే మాత్ర పెంచి, ఇంకా బలం పెట్టమన్నారు. ఇంకా చేప పెట్టాము.

3. అప్పుడు మా అత్త గంగమ్మతల్లికి మొక్కుకుని ఇంట్లో నీసు మాన్పించింది. చేప గాని ఎండుచేప గాని పొయ్యి ఎక్కలేదు. అంబలి, ఆకుకూర, అంతే. మాత్ర మాత్రం మానలేదు. ఆ మొక్కు రోజుల్లో మావారు లేచి నడిచారు. చొక్కా బొత్తాలు తానే పెట్టుకున్నారు. చిరిగిన వల ముందేసుకుని బాగుచేశారు. వీధంతా వచ్చి చూసింది. పక్కింటి లక్ష్మణమ్మ "ఒరే గంగులూ, పెల్లికొడుకు నాగున్నావు, మల్లీ సేస్తామేట్రా?" అని వేళాకోళమాడింది. మావారు "మా ఆడదాన్నడుగు, అది ఒప్పుకుంటే నేను తయారే" అన్నారు. ఆయన మాట అంత స్పష్టంగా వినబడి ఎంతో కాలమైంది. నేను లోపలికి పోయి ఏడ్చాను. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదు, మన్నించవలెను.

మొక్కు తీరిన నాడు పండగ చేసి, వీధికంతటికీ చేపల కూర పెట్టి, అందరికన్నా ఎక్కువ ఆయనకే వడ్డించాము. ఆ తర్వాత రోజూ చేపే. మనిషి మళ్ళీ కొయ్యలా బిగిసిపోయారు. "తల్లికి కోపమొచ్చినాది, మొక్కులో ఏటో లోపం సేసినాం" అని అత్త నెత్తి కొట్టుకుంది. ఆ లోపం కోడలిదేనని వీధిలో అనుకున్నారు.

4. విశాఖపట్నం పెద్దాస్పత్రిలో ఒక డాక్టరమ్మ గారు మొట్టమొదటిసారి "మాత్రకి ముందు ఏం తింటాడమ్మా?" అని అడిగారు. చేప, మాంసం, పప్పు వంటివి కడుపులో ఉంటే ఈ మాత్ర ఒంటికి సరిగా ఎక్కదట. ముందు మాత్ర వేసి, కాసేపు ఆగి తిండి పెట్టమన్నారు. చేప మానక్కర్లేదు, రాత్రికి పెట్టుకోమన్నారు. తల్లికి కోపమూ లేదు, నా లోపమూ లేదు.

5. ఆ డాక్టరమ్మ గారు రాసిచ్చిన చీటీ మా ఊరివైపు డాక్టరు గారికి చూపిస్తే "ఏ మాత్రయినా తిన్నాకే వెయ్యాలి. నువ్వు నాకు నేర్పుతావా?" అని పాత పద్ధతే రాశారు. ఇంట్లో మా అత్త "డాక్టరు బాబు మాట కాదని నీ మాట యినాలేటే? కాలీ కడుపున మాత్రేసి నా కొడుకుని సంపేస్తావా?" అని తానే కూడు కలిపి తినిపిస్తోంది. ఆమె చెడ్డది కాదు. డాక్టరు మాట వింటుంది, అంతే. ఇప్పుడు మావారికి మింగుడు కూడా పడక, మంచినీళ్లకే పొలమారుతోంది.

కావున జిల్లాలోని డాక్టర్లను ఒకచోట కూర్చోబెట్టి, ఈ జబ్బు ఎలా పోల్చుకోవాలో, మాత్రకీ కూటికీ ఎంత ఎడం ఉండాలో, తెలిసిన పెద్ద డాక్టర్ల చేత చెప్పించవలెనని ప్రార్థన. నా నోట చెప్పితే మా ఇంట్లో చెల్లదు. మా డాక్టరు గారి నోటనే రావాలి. పాఠానికి మనిషి కావలసి వస్తే మావారిని తీసుకొస్తాను. ముఖంలో ఏమీ కనబడదు గాని ఆయనకు అన్నీ తెలుస్తాయి. కాబట్టి ఆయన ముందు మాట చూసి మాట్లాడితే చాలు.

ఈ మొరను తమరు ఆలస్యం చేయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మైలపల్లి నీలవేణి

తా.క.: అర్జీ మావారికి చదివి వినిపించాను. చాలాసేపటికి నోరు కదిపి, "డాక్టరు బాబు పేరు రాసీసినావేటే? రేపు పాపకి జొరమొస్తే ఆయన కాడికే గదా ఎల్తాం. కొట్టీ" అన్నారు. అందుచేత పేరు లేకుండా మొదటినుంచి మళ్ళీ రాశాను. ఏ డాక్టరు అని తమరు ఆరా తీయవద్దు. అందరికీ నేర్పించండి.