మీ కవరు మీరే విప్పండి

ట్రాయ్, మిషిగన్
సెప్టెంబర్ 8, 2020

ప్రియమైన విజయశ్రీకి,

మూడు మైళ్ళ దూరంలో ఉన్నదానికి ఉత్తరమేమిటని నవ్వకు. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది, నీ పక్కన ఎప్పుడూ మీ ఆయన ఉంటాడు. చేత్తో తెలుగు రాసి ఉన్న కాగితం చూస్తే మాత్రం ఏదో వ్రతం పిలుపనుకుని నీ వైపు తోసేస్తాడని నా ధైర్యం.

సూటిగా చెబుతాను. నవంబర్‌లో మీ ఆయనను ఓడించబోతున్నాను. సిటీ కౌన్సిల్ సీటుకు ఆయన మీద నిలబడిన స్పందన, హైస్కూల్లో లెక్కలు చెప్పే పిల్ల, తెలుసుగా. ఆమె తరఫున మనవాళ్ళకు ఫోన్లు చేసే పని నేను తీసుకున్నాను. "ఆంటీ, మీకు పాలిటిక్స్‌లో ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అని భయంభయంగా అడిగింది. "ముప్పై నాలుగేళ్ళు పిల్లల డాక్టర్ని. ఏడ్చేవాళ్ళను పట్టుకుని సూది వేయడం వచ్చు," అన్నాను. పది నిమిషాల్లో లిస్టు పంపింది.

కారణం నీకు తెలుసు. అయినా కాగితం మీద పెడతాను, తెలియదనే వీలు నీకు లేకుండా. మార్చి పద్నాలుగున మీ ఆయన భీమరథ శాంతి. డెబ్బయ్యేళ్ళు నిండినందుకు హోమం, రెండు వందల మందికి భోజనాలు. అప్పటికే కరోనా అని జనం గుమిగూడవద్దంటున్నారు. నేను ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, వాయిదా వేయండి," అన్నాను. "ముహూర్తానికి వాయిదా ఏమిటి చెల్లెమ్మా! హోమం పొగకి ఏ క్రిమీ నిలవదు," అన్నాడు. సివిల్ ఇంజనీరు. నేను రాలేదు. మా ఆయన, స్నేహితుడి శాంతికి వెళ్ళకపోతే ఎలా అని, పట్టుపంచె కట్టుకుని మరీ వచ్చారు. పన్నెండో రోజుకి ఆస్పత్రి. ఏప్రిల్ తొమ్మిదిన ఒక నర్సు పట్టుకున్న ఐప్యాడ్‌లో ఆయన్ని ఆఖరుసారి చూశాను.

నా పగ దానికి కూడా కాదు. ఆ తర్వాతి దానికి. ఎన్నికల్లో దిగేముందు మీ ఆయన మన తెలుగు అసోసియేషన్ గ్రూపులో మా ఆయన గురించి రాశాడు: "మా ఫంక్షన్ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. దక్షిణామూర్తి ఆ రోజు రాలేకపోయాడు, పాపం." రాలేకపోయాడట! మరి జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఊరు ఊరంతా ఆలోచించుకుంది. రిటైరయ్యాక కూడా, మనుషులు చాలడం లేదంటే మార్చి నెలంతా క్లినిక్‌కి వెళ్ళిందెవరు? నేను. డాక్టరమ్మ తెచ్చి మొగుడికి అంటించింది. ఎవరూ నా ముఖాన అనలేదు. ఒక్కడే అడిగాడు. బెంటన్‌విల్ నుంచి నా కొడుకు సృజన్. "అమ్మా, క్లినిక్ నుంచి రాగానే బట్టలు మార్చుకునేదానివా?" మార్చుకునేదాన్నన్నాను. నాన్న ఆ ఫంక్షన్‌కి వెళ్ళారన్నాను. "రాలేదని అంకుల్ రాశారు కదమ్మా," అన్నాడు, మెల్లగా, రోగితో మాట్లాడినట్టు.

చూసినవాళ్ళున్నారు. చెబితే తామూ అక్కడున్నట్టు ఒప్పుకోవాలి. ఫొటోల ఆల్బమ్ ఏప్రిల్‌లోనే మాయమైంది. నువ్వూ చూశావు, నువ్వూ మాట్లాడలేదు. నీ సంగతి తర్వాత చూసుకుంటాను.

ఆ ఒక్క వాక్యం వెనక్కి తీసుకుంటే ఈ పూటే ఫోన్ కింద పెట్టేస్తాను. తీసుకోడు. కనుక ఓడిస్తాను.

ఇంకా నీ స్నేహితురాలినే,
భానుమతి


ట్రాయ్
అక్టోబర్ 11

విజయా,

జవాబు రాయలేదు. మంచిదే, నాకూ తీరిక లేదు.

ఇంట్లో కూర్చుని ఎన్నికలు నడపడమంటే ఏమిటో చెబుతాను విను. తలుపులు తట్టడాల్లేవు, సభల్లేవు, సమోసాల్లేవు. వంటింటి బల్ల, చెవిలో ఇయర్‌ఫోన్, నేను. స్పందనను జూమ్‌లో చూడటమే, ఇంతవరకు భుజాల కింద చూడలేదు. ఆ పిల్ల ఎంత పొడుగో దేవుడికే తెలియాలి. ఆమె ఇచ్చిన స్క్రిప్ట్ మొదటిరోజే పక్కన పెట్టాను. రోడ్లు, పార్కులు, పన్నులు అని చదువుతుంటే మన ఆడవాళ్ళు "సరే ఆంటీ, మావారికి చెబుతాను," అని పెట్టేస్తున్నారు. వరసగా ఇరవై మందీ అదే మాట. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఈసారి ఓటు కవర్లు ఇళ్ళకే వస్తున్నాయి కదా. మొగుడు వాటిని డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని, పెళ్ళానివీ, తల్లివీ, కాలేజీ పిల్లవీ అన్నీ తనే నింపి, "ఇక్కడ సంతకం పెట్టు," అంటున్నాడు. టాక్స్ రిటర్నులాగే. మా ఇంట్లోనూ అంతే జరిగేదిలే, నేను మాత్రం ఏం గొప్ప? పిల్లల బరువులు, పళ్ళు, టీకాలు అన్నీ గుర్తుండేవి, నా ఓటు ఎవరికి పడిందో మా ఆయన్ను అడగాల్సి వచ్చేది.

మన లక్ష్మీప్రియకు చేశాను. గుండె సర్జను కదా, ఆపరేషన్ల మధ్య దొరికింది.

"మీ ఇంట్లో ఓటు కవర్లు వచ్చాయా అమ్మా?"

"వచ్చాయాంటీ. ఆయన చూస్తున్నారు. నాకసలు టైముండదు కదా!"

"గుండెలు విప్పడానికి టైముంది, కవరు విప్పడానికి లేదూ?"

అడుగుల చప్పుడు, కాగితాల చప్పుడు, వెనక నుంచి వాళ్ళాయన గొంతు: "ఏయ్, అది ఫిల్ చేసేశానోయ్!"

"అయితే ఇంకోటి తెప్పించుకుంటాను," అంది లక్ష్మీప్రియ. నాతో కాదు.

ఎవరికి వేయాలో నేను చెప్పను. మీ కవరు మీరే విప్పండి అంటాను, అంతే. వీళ్ళ పిల్లలందరికీ చెవిపోటుకి చుక్కలు రాసిచ్చినదాన్ని, నా మాట కాదనలేరు. కవరు విప్పి ఆ పేర్లు చూసినప్పుడు మార్చి పద్నాలుగు దానంతటదే గుర్తొస్తుంది.

మొన్న మీ ఆయన ఫోన్ చేశాడు. నువ్వు పక్కనే ఉన్నావు, నీ గాజులు వినిపించాయి. అయినా నా వైపు నుంచి ఎలా ఉందో చెప్పనీ.

"చెల్లెమ్మా, కాపురాల్లో చిచ్చు పెడుతున్నావట?"

"కవరు విప్పితే కూలిపోయే కాపురమైతే అన్నయ్యగారూ, ఆ పునాది మీరు వేసిందే అయ్యుంటుంది."

"ఇంతకీ ఏం కావాలి నీకు?"

"ఒక్క వాక్యం. దక్షిణామూర్తి వచ్చాడని."

ఒక క్షణం, చెప్పేస్తాడనుకున్నాను కూడా. "లాయరు వద్దన్నాడు," అన్నాడు చివరికి. నలభై ఏళ్ళ స్నేహితుడు చచ్చిపోతే లాయర్ని అడిగి గుర్తు తెచ్చుకుంటాడన్నమాట.

పగ బీపీకి మంచిది కాదంటారు. ఈ పొద్దున చూసుకున్నాను, నూట ఇరవై, ఎనభై. చాలా ఏళ్ళ తర్వాత.

భానుమతి


ట్రాయ్
నవంబర్ 9

నా విజయకు,

ముప్పై ఏడు ఓట్లు. ఆయన ఓడిపోయింది ఆ తేడాతోనే.

అక్టోబర్ ఇరవై అయిదున మనవాళ్ళ జూమ్ మీటింగులో నువ్వేం చేశావో నీకు చెప్పక్కర్లేదు. ఇటునుంచి ఎలా కనిపించిందో మాత్రం చెబుతాను. నూట నలభై చిన్నచిన్న గళ్ళు, గడికో ముఖం. మధ్యలో మీ ఆయన, టై కట్టుకుని. లక్ష్మీప్రియ అడిగింది, "అంకుల్, మార్చి ఫంక్షన్‌కి దక్షిణామూర్తి అంకుల్ వచ్చారా, రాలేదా?" అని. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా, రాలేదు," అన్నాడు. అప్పుడు పక్కనుంచి నీ చీర కుచ్చిళ్ళు కనిపించాయి, తర్వాత మంచినీళ్ళ గ్లాసు, తర్వాత వంగిన నీ ముఖం.

"వచ్చారు. నేనే చక్రపొంగలి వడ్డించాను. రెండోసారి కూడా వేయించుకున్నారు. భానుకి చెప్పకండి, షుగరని అరుస్తుంది అన్నారు."

అంతే. గ్లాసు పెట్టి వెళ్ళిపోయావు. మీ ఆయన వేలు దేనికోసమో స్క్రీన్ మీద తడుముకుంటూనే ఉంది. ఒక గడిలోంచి ఎవరో, "అవునండీ, నా పక్కనే కూర్చున్నారు," అన్నారు. ఇంకో గడి, ఇంకో గడి. నేను కెమెరా ఆపేశాను. రెండోసారి పొంగలి! ఆ దొంగతిండి నాకు తెలియనే తెలియదు. ముందు నవ్వొచ్చింది విజయా. ఏప్రిల్ నుంచి రాని ఏడుపు దాని వెనకాలే వచ్చింది.

సృజన్ ఫోన్ చేసి, "అమ్మా," అన్నాడు. "బట్టలు మార్చుకునేదాన్నిరా," అన్నాను. గుచ్చుకోవాలనే అన్నాను, గుచ్చుకుంది. కూతురు చేతికి ఫోనిచ్చాడు. "నానమ్మా, తాత రియల్లీ టూ టైమ్స్ తిన్నాడా?" అంది రియా. తిన్నాడే అన్నాను. ఆరు నెలల తర్వాత ఆ ఇంట్లో ఆయన గురించి చావు కాని మాట ఒకటి పుట్టింది.

మొన్న నీ జవాబు వచ్చింది. ఇన్నాళ్ళకి, నాలుగు వరసలు. "నా కవరు నేనే విప్పాను భానూ, పెళ్ళయ్యాక మొదటిసారి. ఆయనకే వేశాను. ఈ ఊరి రోడ్లు, కాలవలు ఆయనకు తెలిసినట్టు ఆ పిల్లకు తెలియవు. నిజం నీది, అందుకని ఇచ్చేశాను. ఓటు నాది."

చదివి ఒళ్ళు మండింది. ఉత్తరం సొరుగులో పడేశాను. కాఫీ పెట్టుకుని మళ్ళీ తీశాను. నేను ఊరంతటికీ ఫోన్ చేసి నేర్పిన పాఠాన్ని నాకన్నా బాగా అప్పజెప్పినదాన్ని ఏమనను? నీ సంగతి తర్వాత చూసుకుంటానన్నాను కదా, చూసుకున్నాను. నీ మీద నాకేమీ లేదు.

ఆయన సంగతి వేరు. క్షమించానని ఆశపడవద్దని చెప్పు. ఆ మాట అన్నది నువ్వు, ఆయన కాదు. ఫలితాలు వచ్చిన పూట నేను స్వీటు తిన్నాను, రెండు ముక్కలు, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

ఆదివారం పదకొండింటికి మా ఇంటికి రా. డ్రైవ్‌వేలో ఎండ పడేచోట రెండు కుర్చీలు వేస్తాను, ఆరడుగుల ఎడంలో. కంటి ఆపరేషన్ తర్వాత నువ్వు డ్రైవ్ చేయడం లేదు కనుక ఆయనే తీసుకురావాలి. తీసుకురానీ. కారులోనే కూర్చోమను, అద్దాలు ఎత్తుకుని. మనం మాట్లాడుకోవడం ఆయనకు కనిపించాలి, వినిపించకూడదు. ఎప్పుడైనా అద్దం దించి, ఆ ఒక్క వాక్యం తన నోటితో అంటే అప్పుడు మూడో కుర్చీ సంగతి ఆలోచిస్తాను.

ఈలోపల హీటర్ వేసుకోవచ్చని చెప్పు. నేనంత చెడ్డదాన్ని కాదు.

నీ
భాను