గట్టు మీద రివర్సు

బావా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే బండి కొన్నాను. మీ అన్నయ్యకు కోపం వచ్చింది. రొయ్యల చెరువులు లీజుకిచ్చేసి ఇంట్లో కూర్చుంటాననుకున్నాడు పాపం. "కొంటే కొన్నావు, చిన్నది తీసుకోమ్మా. ఆడదానివి, అంత పెద్ద డీజిల్ బండేం చేసుకుంటావు?" అన్నాడు. నాకు నడపడం నేర్పింది నువ్వేనని మరిచిపోయాడు.

బందరు షోరూమాయన రెండు పికప్‌లు చూపించాడు. చిన్నదానికి ఏసీ, మెత్తటి సీట్లు. పెద్దదానికి బలమైన ఇంజను, వెనక బరువు మోయడానికి మందమైన కమాన్ కట్టలు. హైవే మీద నడిపి చూడమన్నాడు.

"హైవే మీద ఏదైనా పరిగెడుతుందండీ. బళ్ళు మా ఊరు కృత్తివెన్ను తీసుకురండి, మా చెరువు గట్టు మీద చూస్తాను" అన్నాను.

రెండూ తెచ్చారు. మేత బస్తాలు నిండా ఎక్కించి రివర్సులో నడిపాను.

"ఇంత దూరం వెనక్కెవరు నడుపుతారు మేడమ్?" అన్నాడు షోరూమాయన.

"గట్టు మీద తిప్పుకునే చోటేదండీ? ముందుకెళ్ళిన బండి వెనక్కే రావాలి."

చిన్నది తడిమట్టిలో సగం దారిలోనే చతికిలబడింది.

పెద్దదాన్ని వెనక్కి తీస్తుంటే మీ అన్నయ్య ఒకటే కేకలు, "ఆపమ్మా, చెరువులో పడతావు!" అని. నువ్వు స్టీరింగ్ పట్టినన్నాళ్ళూ గట్టు చివర నిలబడి "రానీ, రానీ" అన్నది నేనే కదా. ఆ గట్టు ఎక్కడ జారుతుందో నాకు తెలియదా? తల బయటికి పెట్టి, నీకు అరిచినంత గట్టిగా, "రానీ, రానీ" అని నాకు నేనే అరుచుకుంటూ రోడ్డెక్కేశాను.