ఇద్దరికీ ఒకే వకీలు

జూన్ 3, 2004. మేడ్చల్

మా ఆయన సుచిత్ర సెంటర్ నుంచి ఐస్‌క్రీమ్ తెచ్చాడు. పెళ్లయిన నాలుగు నెలల్లో నా చేతికి ఏదైనా తెచ్చి ఇవ్వడం ఇదే మొదలు. తిన్నాక అసలు సంగతి చెప్పాడు. మా ఊరి చౌరస్తాలో ఆ ఐస్‌క్రీమ్ కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుంటాడట. బోర్డు వాళ్లది, గల్లాపెట్టె మనది అని నవ్వాడు. డిపాజిట్ కోసం షామీర్‌పేటలో నా అరెకరం అమ్మాలట. నాయిన పసుపు కుంకుమ కింద నా పేరున రాసిచ్చిన నేల.

నోట్లో తీపి ఇంకా ఉంది. ఉమ్మేయాలనిపించింది.

జూన్ 5

కంపెనీ మనిషి హేమచంద్ వచ్చాడు. నన్ను మేడమ్ అన్నాడు. అత్త పక్కున నవ్వి, గది మేడమ్ ఏంది, ఏడో క్లాసులనే బడి బందు వెట్టింది, అంది. అతను అగ్రిమెంటు ఇచ్చి వెళ్లాడు. అంతా ఇంగ్లీషు. ఇది ఎవరు చదివారని ఆయన్ని అడిగాను. కంపెనీ వకీలు చదివి, మస్తుగుంది, సంతకం పెట్టుమన్నాడట.

ఆ వకీలు మన కోసం చదివాడా, వాళ్ల కోసమా అన్నాను. అత్త వింటూనే ఉంది. అయినా అన్నాను.

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. భూమి అమ్మినా కొన్నా రెండు దిక్కులకు ఒక్కడే గదా కాగితం రాసేది, గిదీ గంతే, అన్నాడు. మా ఇంట్ల ఆడోళ్లు వకీళ్ల ముచ్చట తియ్యరు, అంది అత్త.

ఆయన అన్నది అబద్ధం కాదు. మా నాయినా అంతే. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ఒకే రాతగాడి దగ్గర అమ్మేవాడూ కొనేవాడూ కూర్చుంటారు. కలిసి చాయ్ తాగుతారు. కానీ అక్కడ నేల కళ్లముందు ఉంటుంది. హద్దు రాయి మీద కాలు పెట్టి చూసుకోవచ్చు. దీనికి ఏ రాయి ఉంది?

జూన్ 6

నా నేలకు ఆయన కొనేవాళ్లను చూశాడు. ఆషాఢం రాకముందే రిజిస్ట్రేషన్ కావాలట. పద్నాలుగున ముహూర్తం.

జూన్ 9

ఎదురింటి జానకీదేవి గారికి చెప్పాను. వాళ్లది గుంటూరు. సుచిత్రలో తెలిసిన ఆడిటర్ ఉన్నారు, ఫీజు తీసుకుంటారు గానీ ఉన్నదున్నట్టు చెబుతారమ్మా, అన్నారు. అగ్రిమెంటు కూరగాయల సంచిలో పెట్టుకుని ఆమెతో బస్సెక్కాను.

ఆడిటర్ నాకు నచ్చలేదు. నా వైపు చూడనే లేదు. ఈవిడకి చెబితే అర్థమవుతుందా అండీ, అని జానకీదేవి గారిని అడిగాడు.

అర్థమైంది. మన షాపు పక్కనే కంపెనీ ఇంకో షాపు పెట్టుకోవచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు బోర్డు మీది పేరు వెనక్కి తీసుకోవచ్చు. డిపాజిట్ తిరిగి రాదు. ఇవి మార్పించుకోకుండా సంతకం చేయొద్దని చెప్పండి అన్నాడు, అదీ ఆమెకే.

ఫీజు మాత్రం నా చేత్తో ఇచ్చాను. వాళ్ల వకీలుకు వాళ్లు ఇస్తారు. ఇతనికి నేను ఇచ్చాను. మర్యాద లేకపోతే పోనీ. నా కోసం చదివాడు.

జూన్ 10

చెప్పాను. ఆయన కంచం తోసేశాడు. ఆంధ్రోళ్ల మాటలు ఇని నా ఇజ్జత్ తీస్తవా, అన్నాడు. హేమచంద్‌తో చెప్పి ఆ మూడూ మార్పించమన్నాను. అట్ల అడిగితే మనకు నమ్మకం లేదనుకుంటడు, అన్నాడు.

నమ్మకం ఆయనది. నేల నాది. ఇది పైకి అనలేదు.

జూన్ 13

హేమచంద్ మళ్లీ ఐస్‌క్రీమ్ పంపాడు. నా వంతు పెరట్లో పెట్టాను. చీమలు తిన్నాయి.

జూన్ 14

ఇష్టంతోనే అమ్ముతున్నావా అమ్మా, అని రిజిస్ట్రార్ అడిగాడు. నా బదులు ఆయన, ఆఁ సార్, అన్నాడు. కాదు అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అన్నాను. ఈసారి గదంతా విన్నది. కొనేవాళ్లు లేచి వెళ్లిపోయారు.

ఆయన నన్ను బండి ఎక్కించుకోలేదు. నడిచి వచ్చాను. తలుపు తీయడానికి అత్తకు చాలాసేపు పట్టింది.

జూన్ 18. షామీర్‌పేట

ఆషాఢం. కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి. అత్తే సంచి సర్దింది. నెల ఎల్లినంక గూడ రాకు, అంది.

ఇక్కడ వాన పడింది. అరెకరం దున్నిస్తున్నాను. మక్కలు వేస్తాను.