మీకుతెలుసా గారి గొంతు

ఫిబ్రవరి 3, మంగళవారం

తమ్ముడు రెండు సూట్‌కేసులతో దిగాడు. గొంతు ఆపరేషన్ అయ్యేదాకా, అయ్యాక కోలుకునేదాకా నా దగ్గరే ఉంటాడు. తలుపు తీయగానే ఎలా ఉన్నావక్కా అని అడగలేదు. కారులో పెట్రోలు ముల్లు పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుందట. అది ఎటు చూపిస్తే ట్యాంకు మూత అటువైపు ఉన్నట్టట. ఇన్నేళ్లుగా టాక్సీ తోలుతున్న డ్రైవరుకే ఆ సంగతి తెలియదట. ఇదంతా గుమ్మంలో నిలబడే చెప్పాడు. గొంతు మాత్రం గచ్చు మీద ఇసుక రాసినట్టుంది.

వాడు డ్రైవింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టరు. అక్కడ అందరూ వాణ్ని మీకుతెలుసా గారూ అని పిలుస్తారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నడుస్తున్న కారులోంచి పారిపోలేరు కదా. అరటిపండు బెర్రీ జాతిదనీ, స్ట్రాబెర్రీ అసలు బెర్రీయే కాదనీ వింటూ రివర్స్ గేరు వేయాల్సిందే.

నాది బట్టల ఆల్టరేషన్ షాపు. రోజంతా కుట్టుమిషను హోరు విని ఇంటికొచ్చాక నాకు కాస్త నిశ్శబ్దం కావాలి. ఇక దానికి నీళ్లొదులుకోవాలి.

ఫిబ్రవరి 5, గురువారం

సర్జన్ దగ్గరికి వెళ్లాం. కణితి బాగా పాకిందట. గొంతులో మాట పుట్టే పెట్టె మొత్తం తీసేయాలన్నాడు. ఆ తర్వాత మెడ కింద పెట్టే రంధ్రంలోంచే ఊపిరి. మాట రాదు. ఎప్పటికీనా అని నేను అడిగాను. ఈ గొంతైతే ఎప్పటికీ రాదన్నాడు. మిషన్లున్నాయి, వేరే పద్ధతులున్నాయి, అవి తర్వాత చూద్దామన్నాడు.

తమ్ముడు అంతా విని, జిరాఫీ మెడలో కూడా మనకున్నన్ని ఎముకలే ఉంటాయని చెప్పాడు. సర్జన్ పెన్ను పక్కన పెట్టి, అవును, ఏడు, అన్నాడు. మంచివాడు.

జనం వీడికి తెలివి ఎక్కువై వాగుతాడనుకుంటారు. భయమేస్తే వీడి నోట్లోంచి ఇలాంటివి రాలిపడతాయి, అంతే. చిన్నప్పుడు నాన్న కేకలు మొదలుపెట్టగానే వీడు సరుకులు కట్టి తెచ్చిన పేపరు ముక్క ఒకటి దొరకపుచ్చుకుని పైకి చదివేవాడు. ఏ చేప ఎంత లోతులో బతుకుతుందో, అలాంటివి. నాన్న ఇంకా రెచ్చిపోయేవాడు. వీడు ఇంకా గట్టిగా చదివేవాడు.

ఫిబ్రవరి 8, ఆదివారం

కూతురికి చెప్పావా అని అడిగాను. చెప్పలేదట.

నా మేనకోడలు వీడితో మాట్లాడి రెండేళ్లవుతోంది. మరదలు అంతకు ముందే విడిగా వెళ్లిపోయింది. అయినా కూతురు తండ్రిని వదల్లేదు. దాని అమ్మమ్మ పోయిన రోజున చెడింది. పిల్ల ఆవిడ చేతుల్లోనే పెరిగింది. ఆవిడ గోళ్లు పెరిగినట్టున్నాయే అని ఎవరో అన్నారు. వీడు అందుకున్నాడు. చనిపోయాక గోళ్లు పెరగవు, చర్మం లోపలికి ముడుచుకుపోతుంది కాబట్టి అలా కనిపిస్తాయి, జుట్టూ అంతే అని, గదినిండా ఉన్న మనుషులకి వివరించాడు. పిల్ల మొహం పాలిపోయింది. ఎవరో వీణ్ని బయటికి లాక్కెళ్లారు. బయట కూడా చెబుతూనే ఉన్నాడట.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఆస్పత్రిలో స్పీచ్ థెరపిస్టు మంచి మాట చెప్పింది. ఆపరేషన్‌కి ముందే గొంతు రికార్డు చేసి పెట్టుకోమంది. చాలామంది చేస్తారట. సాయంత్రం నా ఫోన్లో మొదలుపెట్టాం. వాడు నాలుగు మాటలు మాట్లాడి, విని, మొహం చిట్లించాడు. మన గొంతు మనకి ఎముకల గుండా కూడా వినిపిస్తుందట. అందుకే రికార్డులో వింటే ఎవరిదోలా ఉంటుందట. సరేరా, ఇంకోసారి చెయ్యి అన్నాను. డిలీట్ చేశాడు.

"ఇది నా గొంతు కాదక్కా. ఇది రోగం గొంతు. ఇదా మిగలాల్సింది?"

మళ్లీ బతిమాలాను. వినలేదు. మొండిఘటం.

ఫిబ్రవరి 12, గురువారం

మేనకోడలికి ఫోన్ చేశాను. చూస్తానంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

వచ్చింది! చెప్పా పెట్టకుండా, పని అయిపోయాక బస్సెక్కి నేరుగా వచ్చింది. కళ్లజోళ్ల షాపులో చేస్తోంది. జుట్టు కత్తిరించుకుంది. వాడు మంచం మీంచి లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

నేను వంటింట్లోకి తప్పుకున్నాను. చెవులు ఇక్కడే వదిలి వెళ్లాననుకో. ఎలా ఉంది నాన్నా అని అడిగింది. జవాబు లేదు. నొప్పిగా ఉందా అంది. జవాబు లేదు. ఎప్పుడు అడ్మిట్ అవుతున్నావంది. దానికీ లేదు. తొంగిచూస్తే, కొంగు పట్టుకున్న పిల్లాడిలా దుప్పటి అంచు పట్టుకుని, పెదవులు బిగించి కూర్చున్నాడు. అది కాసేపు గడియారం చూసింది, కాసేపు నా కుట్టు మిషను చూసింది. టీ తీసుకుని నేను వచ్చేసరికి చెప్పులు వేసుకుంటోంది. మెట్ల దగ్గర నాతో ఒకటే అంది. ఇన్నాళ్లూ పలకలేదని నా మీద కోపమే అనుకుంటా అత్తయ్యా, అని.

ఇన్నేళ్లలో వాడి నోరు మూతపడగా చూడటం ఇదే మొదటిసారి. రేపే ఆపరేషన్, ఇవాళే మూతపడాలా? నాకు ఒళ్లు మండిపోయింది. అన్నం పెట్టాను కానీ పలకరించలేదు.

ఫిబ్రవరి 18, బుధవారం. ఉదయం, వార్డులో

ఇందాక చెప్పాడు. నేను అడగలేదు, వాడే చెప్పాడు.

"నోరు తెరిస్తే ఏదో ఒకటి వచ్చేస్తుందక్కా. మళ్లీ దాని మొహం ఆ రోజులా అయిపోతుంది. ఈ ఒక్కసారైనా పాడు చేయకూడదని మూసుకున్నా."

నేను వెంటనే మేనకోడలికి ఫోన్ కలిపాను. ఎత్తలేదు. మళ్లీ కలిపాను. షాపులో ఉన్నప్పుడు వాళ్ల ఫోన్లు లోపల బీరువాలో పెట్టించేస్తారట. వాడు ఫోన్ చేతిలో పట్టుకుని రింగవుతుంటే వింటూ కూర్చున్నాడు. అంతలో స్ట్రెచర్ వచ్చేసింది.

స్ట్రెచర్ తోసే మనిషికి చెబుతున్నాడు, మనకి మనం చక్కిలిగిలి పెట్టుకోలేమని. ఆ మనిషి అవునా సార్ అన్నాడు. తలుపులు మూసుకున్నాయి.

ఫిబ్రవరి 19, గురువారం

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నిన్నటి నుంచి ఎవరు ఏం చెప్పినా నాకు ఏడుపొస్తోంది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

నర్సు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. గాలి ఇక ముక్కులోంచి వెళ్లదు కాబట్టి వాసనలు సరిగా తెలియవు. ముక్కు చీదలేడు. కొవ్వొత్తి ఊది ఆర్పలేడు. స్నానం చేసేటప్పుడు మెడ రంధ్రంలోకి నీళ్లు పోకూడదు, పోతే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. ఈత మాటే ఎత్తకూడదు. తుమ్మినా దగ్గినా అడ్డం పెట్టుకోవాల్సింది నోటికి కాదు, మెడకి.

ఇవి ఇంకెవరి గురించైనా అయ్యుంటే వాడు వార్డంతా తిరిగి చెప్పేవాడు. మంచం మీంచి నర్సునే చూస్తున్నాడు. కళ్లు విప్పారి ఉన్నాయి. ఒక వేలు పైకెత్తాడు, ఏదో అందామన్నట్టు. దించేశాడు.

మార్చి 8, ఆదివారం

ఇంటికి తెచ్చాను. మెడకి కట్టడానికి పల్చటి కాటన్‌తో గుడ్డలు కుట్టాను, వెనక గుండీ పెట్టి. తెల్లవి వద్దని రంగువి కుట్టాను.

రాగానే టీ ఇచ్చాను. అలవాటు కొద్దీ కప్పు మీద ఊదబోయాడు. మెడ మీద గుడ్డ కదిలింది. టీ కదల్లేదు. ఇద్దరం అది చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాం.

మార్చి 9, సోమవారం

ఇంట్లో ఫ్రిజ్జు చప్పుడు వినిపిస్తోంది.

మార్చి 14, శనివారం

థెరపిస్టు మిషను ఇచ్చింది. టార్చిలైటంత ఉంది. గొంతుకి ఆనించి మీట నొక్కి పెదవులు కదపాలి. అక్కా అన్నాడు. మంగలి షాపులో మిషను నన్ను పిలిచినట్టుంది. నేను నవ్వు మొహం పెట్టడానికి చాలా ప్రయత్నించాను. వాడు నా మొహం చూసి స్విచ్ ఆపేసి డ్రాయరులో పెట్టాడు. పలక ఇస్తే నీళ్లు, మందు, చాలు అని రాస్తాడు. అంతకు మించి ఒక్క ముక్క రాయడు.

డ్రైవింగ్ స్కూలు ఓనరు వచ్చి వెళ్లాడు. కార్లు కడిగించే పని చూసుకోమన్నాడు, మంచి మనసుతోనే.

మార్చి 20, శుక్రవారం

షాపుకి తాళం వేసి మేనకోడలి దగ్గరికి వెళ్లాను. ఒక పెద్దాయనకి ఫ్రేము సరిచేస్తోంది. ముక్కు మీద దిగుతోందా, చెవి వెనక నొక్కుతోందా అని నెమ్మదిగా అడుగుతోంది. ఆయన వెళ్లేదాకా ఆగి, కౌంటరుకి ఇవతల నిలబడే మొత్తం చెప్పేశాను. ఆ రోజు ఎందుకు మాట్లాడలేదో. ఎన్నిసార్లు ఫోన్ చేశామో.

అది అద్దాలు తుడిచే గుడ్డని మడత పెట్టింది, విప్పింది, మడత పెట్టింది. తర్వాత చెప్పింది. వాడు ఇన్నాళ్లూ రోజూ పొద్దున దానికి వాయిస్ మెసేజి పంపేవాడట. మూత రాకపోతే వేడినీళ్లు పోయాలి, ఆక్టోపస్‌కి మూడు గుండెలు, అలాంటివి. అది వినకుండానే డిలీట్ చేసేదట. వాడు జనవరి దాకా ఆపలేదట.

"ఒక్కటి కూడా ఉంచుకోలేదు అత్తయ్యా," అంది.

ఎవరో లోపలికి వచ్చారు. అది కళ్లు తుడుచుకుని, రండి, కూర్చోండి అంది.

మార్చి 22, ఆదివారం

వచ్చింది. వాడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. వాడు కంగారుగా పలక అందుకున్నాడు. రాశాడు, తుడిచాడు, రాశాడు, తుడిచాడు. అది పలక తీసుకుని కింద పెట్టేసింది.

"ఏదో ఒకటి చెప్పాల్సింది నాన్నా. ఎంత పిచ్చిదైనా సరే, వినేదాన్ని."

వాడు నోరు తెరిచాడు. మాట్లాడాడు. నిజంగానే మాట్లాడాడు, చేతులు తిప్పుతూ, కనుబొమలు ఎగరేస్తూ, చాలాసేపు. మెడ మీద గుడ్డ ఎగిరి పడుతోంది తప్ప ఒక్క శబ్దం లేదు. అది రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అన్నిటికీ తలూపుతూ విన్నది. మధ్యలో ఒకసారి, అవునా, అంది.

మే 10, ఆదివారం

మేనకోడలు ఆదివారాలు వస్తోంది. ఇవాళ అన్నం తింటూ, నాన్న గొంతు అసలు ఎలా ఉండేదత్తయ్యా, నాకు గుర్తు రావడం లేదు అంది. నేను అనుకరించి చూపించబోయాను. రాలేదు. అదీ ప్రయత్నించింది. కాదన్నాను. మళ్లీ నేను. వాడు ముద్ద చేతిలో పట్టుకుని ఒకసారి దాని వైపు, ఒకసారి నా వైపు చూస్తున్నాడు, ఎవరికైనా వస్తుందేమోనని.